గ్రీకు అక్షరం మీది గుర్తు కంటికి ఆనాలంటే

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బైబిల్ సాఫ్ట్‌వేర్‌లో గ్రీకు కొత్త నిబంధన చదువుతున్న పాఠకుల ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒకటే: అక్షరం తెలుస్తోంది, దానిమీది గుర్తు తెలియడం లేదు. అలాంటి ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. గ్రీకు అక్షరాలను పేర్లతోనే చెప్పాం. సాఫ్ట్‌వేర్‌లో ఆ వచనం తెరిచి పక్కన పెట్టుకుంటే అర్థం కావడం తేలిక.

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్లు. ల్యాప్‌టాప్‌ల ఈ-స్వోర్డ్ పెట్టుకొని గ్రీకు చదువుతున్న. అక్షరాలు గుర్తుపడుతున్న గని, పైన చిన్నచిన్న గుర్తులు ఏది ఎటు తిరిగిందో తెలుస్తలేదు. అద్దాలు మార్చిన, ఫరక్ పడలేదు. ఏ ఫాంటు పెట్టుకోవాలె? ఎంత సైజు పెట్టాలె?
— ఒక పాస్టర్, హనుమకొండ

జవాబు: పాస్టర్ గారూ, అద్దాలు మార్చినా తేడా రాలేదంటే లోపం తెరలో ఉండి ఉండవచ్చు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెరమీద 1366×768 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి పడేవి దాదాపు 100. విండోస్‌లో స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు మొత్తం 16 పిక్సెళ్లు. పైన గుర్తులకూ కింద తోకలకూ వదిలే చోటు కూడా అందులోనే. అచ్చు (వవెల్) మీద కూర్చునే బ్రీతింగ్ గుర్తుకు చివరికి మిగిలేవి రెండు మూడు పిక్సెళ్లు. హకారాన్ని పలికించే రఫ్ బ్రీతింగ్‌కూ, పలికించని స్మూత్ బ్రీతింగ్‌కూ తేడా అంతా ఆ చిన్న కొక్కెం ఎటు తెరుచుకుందన్నదే. రెండు పిక్సెళ్లలో కొక్కెం రాదు, మచ్చ వస్తుంది.

కాబట్టి ఫాంటు కంటే ముందు సైజు చూడండి. 18 పాయింట్లు పెడితే 24 పిక్సెళ్లు వస్తాయి. బ్రీతింగ్ ఒక్కటే ఉన్నచోట అది సరిపోతుంది. బ్రీతింగూ, నొక్కి పలికే చోటు చెప్పే యాక్సెంటూ రెండూ ఒకే అచ్చు మీద ఇరుక్కున్నచోట 20, 22 కావాలి. తెరమీద వచనాలు తక్కువ పడతాయని వెనుకాడకండి. అవసరం లేని వ్యాఖ్యాన కిటికీ ఒకటి మూసేస్తే ఆ చోటు తిరిగి వస్తుంది. వరుసల మధ్య ఎడం మార్చే వీలుంటే 1.3 నుంచి 1.5 రెట్లు పెట్టండి.

సైజు పెంచాక కూడా అక్షరం అలుక్కుపోయినట్టు ఉంటే మూడు చోట్ల చూడాలి. మొదటిది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ ‘రికమెండెడ్’ అని ఉన్నదానిమీదే ఉండాలి. అక్షరాలు పెద్దగా కనిపించాలని రిజల్యూషన్ తగ్గించేవాళ్లు చాలామంది. దానివల్ల ప్రతి గుర్తూ మసకబారుతుంది. రెండోది, స్కేలింగ్ 125, 150 శాతం ఉన్నప్పుడు పాత ప్రోగ్రాముల కిటికీని విండోస్ ఒక బొమ్మను సాగదీసినట్టు సాగదీస్తుంది. ప్రోగ్రాం ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ‘ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’లోకి వెళ్లి, అడుగున ఉన్న ఓవర్‌రైడ్ పెట్టెలో టిక్ పెట్టి ‘అప్లికేషన్’ ఎంచుకోండి. మెనూలు మరీ చిన్నవైపోతే ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’కు మార్చండి. మూడోది క్లియర్‌టైప్. స్టార్ట్‌లో ఆ పేరుతో వెతికితే వస్తుంది, చూపించే నమూనాల్లో స్పష్టమైనవి ఎంచుకుంటూ పోవడమే. అది అక్షరం పక్క అంచులను నునుపు చేస్తుంది గానీ నిలువున పిక్సెళ్లను పెంచలేదు, కనుక సైజుకు బదులుగా దాన్ని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఫాంటు. విండోస్‌తో పాటే వచ్చే పాలటినో లైనోటైప్‌లో ఈ గుర్తులన్నీ ఉన్నాయి, ముందు దానితో చూడండి. మా మొదటి ఎంపిక మాత్రం ఎస్‌ఐఎల్ సంస్థ ఉచితంగా ఇచ్చే జెంటియం బుక్ ప్లస్. మామూలు జెంటియం ప్లస్ కంటే దీని గీత కొంచెం లావు, తక్కువ పిక్సెళ్ల తెరమీద అదే ఆదుకుంటుంది. జిప్ ఫైలు విప్పి, ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ నొక్కి, బైబిల్ ప్రోగ్రాంను మూసి మళ్లీ తెరవండి. తెరవకపోతే కొత్త ఫాంటు జాబితాలో కనిపించకపోవచ్చు. ఎస్‌బీఎల్ గ్రీక్, కార్డో రెండూ పండితుల కోసం చేసినవే, అక్షరాలకు లోటు లేదు. కానీ వాటి గీతలు సన్నం. కాగితం మీద అందం, మీ తెరమీద నీరసం. లాగోస్ అనే బైబిల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో గ్రీకుకు విడిగా డిఫాల్ట్ ఫాంటు ఎంచుకునే చోటు ఉంది. మిగతా వాటిలో ఫాంటు సెట్టింగ్ ఒకటే ఉంటే, అది మార్చినప్పుడు తెలుగు బైబిల్ రూపం కూడా మారుతోందేమో చూసుకోండి.

ఏ ఫాంటు అయినా సరే, మత్తయి 4:3 తెరిచి పరీక్షించండి. ‘నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లు రొట్టెలగునట్లు...’ అన్న ఆ మాటల్లో గ్రీకు గుర్తులు దాదాపు అన్నీ వరుసగా దొరుకుతాయి. మొదటి మాట ‘ఎయి’ అంటే ‘అయితే’, స్మూత్ బ్రీతింగ్ ఒక్కటే ఉంటుంది. ఒక్క మాట దాటగానే మళ్లీ అవే అక్షరాలు, ఈసారి పైన సర్కంఫ్లెక్స్ (అలలాంటి యాక్సెంట్) కూడా ఉంటుంది. అప్పుడు అర్థం ‘నీవు ఉన్నావు’. ‘హినా’లో రఫ్, అక్యూట్ (కుడివైపు పైకి లేచే గీత) పక్కపక్కన, ‘హూటోయి’లో రఫ్ మీద సర్కంఫ్లెక్స్, ‘అర్టోయి’లో స్మూత్, అక్యూట్. వీటిని మామూలుగా కూర్చునే దూరం నుంచి, ముందుకు వంగకుండా, వేరుచేసి చెప్పగలిగితే ఆ ఫాంటు, ఆ సైజు మీకు పనికొచ్చినట్టే. ఆ తర్వాత యోహాను 1:1లో ‘అర్ఖే’ చివరి అక్షరం ‘ఏటా’ కింద చిన్న ‘అయోటా’ అక్షరం కనబడుతోందా చూడండి. కనబడకపోతే తరచూ కారణం ఫాంటు కాదు, నిఘంటువు లింకు కోసం ప్రోగ్రాం గీసే అడుగుగీత. ఆ అండర్‌లైన్ ఆపేసే వీలుంటే ఆపేయండి.

ఒక్క గుర్తు ఎంత పని చేస్తుందో యోహాను 10:30 చెబుతుంది. ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అన్నచోట ‘హెన్’ అంటే ఒకటి. అవే రెండు అక్షరాల మీద స్మూత్ బ్రీతింగ్ పెట్టి యాక్సెంట్ తీస్తే ‘ఎన్’, అంటే ‘లో’. మసక అచ్చులో ‘పి’, ‘పీ’ కలిసిపోతే తెలుగు పాఠకుడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. గ్రీకు ఇంకా నేర్చుకుంటున్నవారికి ఆ ఆసరా ఉండదు.

చివరిగా ఒక మాట. 6.5 అంగుళాల ఫోను తెరమీద 1080×2400 పిక్సెళ్లుంటే అంగుళానికి 400 పైగా పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఏ గుర్తు మీదైనా సందేహం వస్తే అదే వచనాన్ని ఫోనులో పెద్దది చేసి చూడండి.

ప్రశ్న: గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ‘ను’, ‘ఉప్సిలాన్’ ఎప్పుడూ తారుమారు అవుతున్నాయి. ఫాంటు మార్చితే తగ్గుతుందా?
— బైబిల్ కళాశాల విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: తగ్గుతుందమ్మా. చిన్నక్షరాల్లో ను అడుగు మొనదేలి ఉండాలి, ఉప్సిలాన్ అడుగు గుండ్రంగా ఉండాలి. ఇటాలిక్ చేసినప్పుడు, లేదా పాత చేతిరాత పద్ధతిలో పక్కకు వాలిన ఫాంటుల్లో ను మొన గుండ్రబడి రెండూ ఒకేలా అవుతాయి. కాబట్టి మొదటి ఏడాది వాలు అక్షరాల జోలికి వెళ్లొద్దు. గ్రీక్ ఫాంట్ సొసైటీ ఉచితంగా ఇచ్చే జీఎఫ్‌ఎస్ నియోహెలెనిక్ పెట్టుకోండి. 1927లో విక్టర్ షోల్డరర్ రూపకల్పన చేసిన న్యూ హెలెనిక్ అచ్చుకు ఇది కంప్యూటర్ రూపం. గీత అంతటా ఒకే మందం, అక్షరాలు నిటారు. అదే సొసైటీ వారి జీఎఫ్‌ఎస్ డిడో అందమైనదే గానీ లావు సన్నాల తేడా ఎక్కువ, అది తర్వాత చూద్దురు. జీటా, క్సీ కూడా మొదట్లో తికమక పెడతాయి. నోటుబుక్కులో రాసేటప్పుడు ఫాంటులో కనిపించే రూపాన్నే రాయండి, అప్పుడు కన్నూ చెయ్యీ ఒకటే నేర్చుకుంటాయి.

ప్రశ్న: కొన్ని గ్రీకు మాటలల్ల నడుమ నడుమ డబ్బాలు వస్తున్నయి. ఇంకో ప్రోగ్రాంల డబ్బాలు లేవు గని ఒకటే మాటల ఒక అక్షరం లావుగ, ఇంకోటి సన్నగ ఉంటున్నది. ఎందుకట్ల?
— ఒక సోదరి, జగిత్యాల

జవాబు: రెండు ప్రోగ్రాముల్లోనూ జబ్బు ఒకటే, బయటపడే తీరు వేరు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో గ్రీకు రెండు చోట్ల ఉంటుంది. మామూలు అక్షరాలు, ఒక్క యాక్సెంట్ ఉన్న అచ్చులు ఒకచోట. బ్రీతింగ్‌లు, గ్రేవ్ (కుడివైపు కిందికి దిగే గీత), సర్కంఫ్లెక్స్, కింది అయోటా ఉన్నవి ‘గ్రీక్ ఎక్స్‌టెండెడ్’ అనే మరోచోట. గ్రీసు 1982లో ఒకే యాక్సెంట్ గుర్తు పద్ధతికి మారింది, అందువల్ల నేటి గ్రీకు కోసం చేసిన ఫాంటుల్లో ఆ రెండో భాగం లేకపోవచ్చు. అలాంటి ఫాంటు పెడితే గుర్తులు లేని అక్షరాలు బాగానే వచ్చి, గుర్తులున్నచోట డబ్బా పడుతుంది. తెలివైన ప్రోగ్రాం డబ్బా చూపకుండా ఆ ఒక్క అక్షరాన్ని వేరే ఫాంటు నుంచి అరువు తెస్తుంది. లావు సన్నాలు అక్కడివే. చాలా తెలుగు ఫాంటుల్లో గ్రీకు అసలే ఉండదు కాబట్టి తెలుగు, గ్రీకు కలిపి ఉన్న పేజీకి తెలుగు ఫాంటు పెట్టినా ఇదే జరుగుతుంది. గ్రీకుకు విడిగా జెంటియం గానీ పాలటినో లైనోటైప్ గానీ ఇస్తే పోతుంది.

గుర్తు పక్క అక్షరం మీదికి జరిగిపోయి కనిపిస్తే అది వేరే సంగతి. అక్కడ అక్షరాన్నీ గుర్తునూ విడివిడిగా నిల్వ చేశారు, వాటిని సరిగ్గా కూర్చోబెట్టే సూచనలు ఆ ఫాంటులో లేవు. దానికీ మందు ఫాంటు మార్పే.

ఇంకొకటి. ఒకే పేజీలో అక్యూట్ కొన్నిచోట్ల నిలువుగా, కొన్నిచోట్ల వాలుగా కనిపిస్తే అవి రెండు వేర్వేరు గుర్తులని అనుకోకండి. యూనికోడ్‌లో ఆ అక్షరానికి రెండు సంకేతాలున్నాయి, రెండూ సమానమని ప్రమాణమే చెబుతోంది. కొన్ని పాత ఫాంటులు మాత్రం వేర్వేరుగా గీశాయి. మీరు వెతికిన మాట కళ్లెదుట ఉన్నా ‘దొరకలేదు’ అని వస్తే కారణం తరచూ ఇదే. వెతికేటప్పుడు యాక్సెంట్లను పట్టించుకోవద్దు అనే ఎంపిక ఉంటే పెట్టుకోండి.

ప్రశ్న: నాకు డీటీపీ సెంటర్ ఉంది. పాస్టర్లు బైబిల్ పాఠాల పుస్తకాలు కంపోజింగ్‌కు ఇస్తారు. అను ఫాంటుల్లో పేజ్‌మేకర్‌లో చేస్తాను. గ్రీకు మాటలు కొన్ని ఫైళ్లలో ప్రశ్నార్థకాలుగా, కొన్నింటిలో ఇంగ్లిషు అక్షరాలుగా వస్తున్నాయి. అచ్చయ్యాక తప్పులు నా మీదికే వస్తున్నాయి.
— ఒక డీటీపీ ఆపరేటర్, వరంగల్

జవాబు: ప్రశ్నార్థకాలు వచ్చినవి యూనికోడ్ గ్రీకు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అతికించిన క్షణమే అక్షరం పోతుంది, తర్వాత ఏ ఫాంటు పెట్టినా తిరిగి రాదు. ఇంగ్లిషు అక్షరాలుగా వచ్చినవి పాత పద్ధతి గ్రీకు ఫాంటులవి. అను ఫాంటులో కొట్టిన వ్యాసానికి ఏరియల్ పెడితే ఏమవుతుందో మీకు తెలుసు, అక్కడ జరిగిందీ అదే. 2018లో మూతపడిన బైబిల్‌వర్క్స్ అనే బైబిల్ ప్రోగ్రాం నుంచి కాపీ చేసిన ‘లోగోస్’ అనే మాట, దాని ఫాంటు లేని కంప్యూటర్‌లో ఎల్, ఓ, కామా, జి, ఓ, జె అని కనిపిస్తుంది. అందులో కామా అక్యూట్, జె మాట చివరి సిగ్మా. సింబల్ ఫాంటులో కొట్టినదైతే చివరి సిగ్మా పెద్ద వి అవుతుంది, యాక్సెంట్లు అసలుండవు.

వర్డ్ ఫైలు రాగానే ఒక గ్రీకు మాటను ఎంచుకుని పాలటినో లైనోటైప్‌కు మార్చి చూడండి. గ్రీకుగానే నిలిస్తే యూనికోడ్; ఇంగ్లిషుగా మారితే పాతది. పాతదాన్ని ఫైండ్-రీప్లేస్‌తో మార్చే ప్రయత్నం వద్దు. ఒక ఇంగ్లిషు అక్షరం ఒకచోట అక్షరంగా, ఇంకోచోట గుర్తుగా పనిచేస్తుంది, రీప్లేస్ వరుస తప్పితే పుస్తకమంతా చెడుతుంది. వచనం సంఖ్య ఉంటుంది కదా, స్టెప్ బైబిల్ లాంటి వెబ్‌సైటులో ఆ వచనం తెరిచి అక్కడి గ్రీకు మాటను కాపీ చేయడం మేలు. టైపు చేయాల్సి వస్తే విండోస్ భాషల్లో గ్రీకు చేర్చి, కీబోర్డుల్లో ‘గ్రీక్ పాలిటోనిక్’ ఎంచుకోండి. చివరి సిగ్మా డబ్ల్యూ మీట మీద ఉంటుంది.

పేజీ కట్టడానికి ఇన్‌డిజైన్‌కు మారగలిగితే మారండి. అను తెలుగు అక్కడా నడుస్తుంది. గ్రీకుకు ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి జెంటియం బుక్ ప్లస్ పెట్టి, మాట మాటకూ ఆ స్టైల్ ఇవ్వండి. పేజ్‌మేకర్ తప్పదంటే, గ్రీకు మాటను యూనికోడ్ తెలిసిన కోరల్‌డ్రా వెర్షన్‌లో అసలు సైజులోనే కొట్టి, పాస్టర్ గారి చేత ప్రూఫ్ చూపించి, ఆ తర్వాతే కంట్రోల్-క్యూతో కర్వ్స్ చేసి ఈపీఎస్‌గా తెచ్చి పెట్టండి. కర్వ్స్ అయ్యాక అక్షరం దిద్దడం కుదరదు.

సైజు సంగతి: తెలుగు 14 పాయింట్లు ఉంటే పక్కన గ్రీకు 12 దగ్గర సమానంగా కనిపిస్తుంది, ఎందుకంటే తెలుగు అక్షరం వత్తులకూ గుడులకూ చోటు వదులుకుని చిన్నగా కూర్చుంటుంది. 11 కంటే కిందికి మాత్రం దిగొద్దు. మాస్టర్ కాపీ నుంచి జెరాక్స్ తీసే పుస్తకాలైతే సన్నగీతల ఫాంటు అసలు వద్దు, మొదట తెగిపోయేవి బ్రీతింగ్‌లే. వర్డ్‌లోనే పుస్తకం కడితే లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంచకండి, పై గుర్తులు కోతపడతాయి. ‘ఎట్ లీస్ట్’ పెట్టండి.

ప్రూఫ్‌లో ఒక్కచోట ప్రత్యేకంగా చూడండి. పెద్దక్షరంతో మొదలయ్యే మాటల్లో బ్రీతింగ్ అక్షరం పైన కాకుండా ఎడమ పక్కన ఉంటుంది. యేసు పేరు గ్రీకులో అలాగే మొదలవుతుంది. అది పొరపాటున పడ్డ కొటేషన్ గుర్తని తీసేసిన పుస్తకాలు కనిపిస్తుంటాయి. అది మాటలో భాగం, తీయకూడదు.

ప్రశ్న: మొదటి శతాబ్దాల చేతిరాత ప్రతుల్లో ఈ గుర్తులు లేవు కదా. లేనివాటి కోసం ఇంత కష్టం దేనికి?
— ఒక పాఠకుడు, డోర్నకల్

జవాబు: నిజమే. 4వ శతాబ్దపు సినాయిటికస్, వాటికానస్ ప్రతులు పెద్దక్షరాల్లో, మాటల మధ్య ఎడం లేకుండా ఉంటాయి. యాక్సెంట్ గుర్తులను క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలోని అరిస్టోఫనీస్ ఆఫ్ బైజాంటియం ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. కొత్త నిబంధన ప్రతుల్లో అవి స్థిరపడింది 9వ శతాబ్దం నుంచి చిన్నక్షరాల రాత వచ్చాకే. కాబట్టి ఈనాడు మీరు చూసే గుర్తు ఒక సంపాదకుడి నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా ముందది కనబడాలి. రోమా 16:7లోని యూనీయ పేరే తీసుకోండి. అక్యూట్ అయోటా మీద ఉంటే అది స్త్రీ పేరు. సర్కంఫ్లెక్స్ చివరి ఆల్ఫా మీద ఉంటే పురుషుడి పేరుగా చదువుతారు. 20వ శతాబ్దంలో చాలాకాలం గ్రీకు కొత్త నిబంధన నెస్లే కూర్పులు రెండో విధంగా అచ్చువేశాయి; 2012 నాటి 28వ కూర్పులో మొదటి విధంగా ఉంది. అక్షరాలు ఒక్కటి కూడా మారలేదు. చిన్న సైజులో సర్కంఫ్లెక్స్ అల చదునై అడ్డగీతలా కనిపించే ఫాంటులో ఈ తేడా పట్టుకోవడం కష్టం.

ప్రశ్న: సండే స్కూల్ టీచర్లకు ప్రొజెక్టర్ మీద ఒకటి రెండు గ్రీకు మాటలు చూపిస్తాను. నా ల్యాప్‌టాప్‌లో బాగున్నవి చర్చి కంప్యూటర్‌లో మారిపోతున్నాయి. గ్రీకు వదిలేసి తెలుగు లిపిలోనే రాస్తే సరిపోదా?
— ఒక టీచర్, కరీంనగర్

జవాబు: తెలుగు లిపిలో రాయడం మంచి ఆలోచన, ఇంగ్లిషు లిపి కంటే నయం కూడా. ఎప్సిలాన్‌కు ఎ, ఏటాకు ఏ, ఒమిక్రాన్‌కు ఒ, ఒమేగాకు ఓ సహజంగా సరిపోతాయి. రఫ్ బ్రీతింగ్‌కు హ ఉంది. థీటాకు థ, టౌకు త లేదా ట, ఖీకి ఖ పెట్టుకోవచ్చు. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని అన్ని పాఠాల్లో అదే వాడండి. యాక్సెంట్లు, కింది అయోటా మాత్రం ఇందులో పోతాయి. అందుకని పైన గ్రీకు మాట, కింద తెలుగు లిపిలో దాని పలుకు, రెండూ చూపించండి.

స్లైడుమీద గ్రీకు 40 పాయింట్లకు తగ్గొద్దు. ఫాంటు నియోహెలెనిక్ పెట్టండి. పగటి వెలుతురు పడే హాల్లో సన్నగీతలు తెరమీద నిలవవు. ఫాంటు మారిపోకుండా పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్’ టిక్ చేసి, దాని కింద అన్ని అక్షరాలనూ చేర్చే ఎంపిక పెట్టి సేవ్ చేయండి. చర్చి కంప్యూటర్‌లో పాత ఆఫీస్ ఉంటే అదీ పనిచేయకపోవచ్చు, కనుక అదే ఫైలును పీడీఎఫ్‌గా కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పాఠం మొదలుకాక ముందే హాలు వెనక వరుసలో నిలబడి ఆ మాట మీది బ్రీతింగ్ ఎటు తిరిగిందో ఒకసారి చూసుకోండి. తెలియకపోతే సైజు ఇంకో పది పాయింట్లు పెంచండి.